పుల్లల్లేని ఉప్పు

కొత్త హెడ్మిస్ట్రెస్ ల్యాబ్ బీరువాలోంచి చెక్కపెట్టె తీసి బల్లమీద పెట్టేసరికి కెమిస్ట్రీ టీచరు చేస్తున్న పని ఆపేసింది. రేపు ఆమె రిటైరవుతోంది. ఆ పెట్టె గురించి ముప్పైనాలుగేళ్ళ కింద ఆడిన అబద్ధం దిద్దుకోవడానికి ఇక ఈ ఒక్కరోజే మిగిలింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఉప్పులో పరమాణువుల అమరిక పిల్లలకు చూపడానికి నాన్నచేత చేయించుకున్న నమూనా అది. ఆయన వడ్రంగి. అక్షరం ముక్క రాదు గానీ, చెక్క ముందు కూర్చుంటే ఎవరి మాటా వినేవాడు కాదు. ముందు నీటి నమూనా ఇట్టే చేసేశాడు: పెద్ద ఎర్రబంతి, రెండు చిన్న తెల్లబంతులు, మధ్యలో పుల్లలు. ఉప్పుకూ అలాగే పుల్లలు దిగ్గొట్టాడు.

"ఉప్పులో పుల్లలుండవు నాన్నా," అంది కూతురు. "నీటిలో హైడ్రోజనూ ఆక్సిజనూ చెరో ఎలక్ట్రాన్ పెట్టి, ఆ జంటను పంచుకుంటాయి. ఆ పొత్తే నీ పుల్ల. ఉప్పులో సోడియం తనది ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చింది ప్లస్, పుచ్చుకుంది మైనస్. ఆ లాగుడుకే కలిసుంటాయి."

"పుల్ల లేకుండా నిలబెట్టడానికి నేను వడ్రంగినా, గారడీవాణ్ణా?" అని ఆయన రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడోరోజు ఈ పెట్టె తెచ్చాడు. సోడియానికి తెలుపు, క్లోరిన్‌కి ఆకుపచ్చ, మొత్తం ఇరవై ఏడు బంతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బిగుతుగా కూర్చున్నాయి. పై వరుస తీసి నడిమి తెల్లబంతిని చూపించాడు.

"ఇది తనది ఎవరికిచ్చిందో చెప్పు."

"ఒకరికని చెప్పలేం నాన్నా. చుట్టూ ఉన్న ఆరు క్లోరిన్లూ దాన్ని లాగుతాయి. అదీ ఆరింటినీ లాగుతుంది."

"అందరూ అందర్నీ పట్టుకునుంటారన్నమాట. మంచి ఇల్లే," అన్నాడు, కోపం దిగిపోయి.

మర్నాడు పెట్టె భుజాన పెట్టుకుని స్కూలుదాకా మోసుకొచ్చాడు. అప్పటి హెడ్మాస్టరు ముచ్చటపడి ఎక్కడిదని అడిగాడు. రంపపుపొట్టు అంటిన చొక్కాతో నాన్న ల్యాబ్ గుమ్మంలోనే ఉన్నాడు. ఆమెది కొత్త ఉద్యోగం, కొత్త దర్జా. "కొన్నానండీ," అనేసింది.

హెడ్మాస్టరు ఆయనవైపు చూశాడు. "అవునండీ, నేను మోసుకొచ్చానంతే," అన్నాడు నాన్న.

ఇంటికెళ్ళాక ఆయన ఆ ఊసే ఎత్తలేదు. బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు. ఏటా ఆ పెట్టెతో పాఠం చెప్పినప్పుడల్లా ఆమెకు ప్రాణం చివుక్కుమనేది. పాఠం మాత్రం బాగా కుదిరేది.

"ఇలాంటిది ఇంకోటి కావాలి మేడమ్," అంటోంది హెడ్మిస్ట్రెస్. "ఇప్పుడొచ్చే ప్లాస్టిక్‌వాటిలో ఉప్పుకి కూడా పుల్లలే. ఏ షాపులో కొన్నారు?"

టీచరు పెట్టెను దగ్గరికి లాక్కుంది.

"కొనలేదండీ. మా నాన్న చేశాడు." గుమ్మంవైపు చూసింది. "అప్పటి హెడ్మాస్టరుగారు అడిగితే కొన్నానన్నాను. ఆయన అక్కడే, ఆ గుమ్మంలోనే ఉన్నాడు."