ఎర్తు తీగ

మా బాబాయి చూడకుండా ఏదీ చెప్పేవాడు కాదు. వాన పడుతోందా అని అడిగితే లేచి వాకిట్లోకి వెళ్ళి, చెయ్యి చాచి చూసొచ్చి అప్పుడు చెప్పేవాడు. బెంగుళూరులో కరెంటు మీటర్లను పరీక్షించే పరికరాలు తయారుచేసే కంపెనీలో ఆయన ఇంజనీరు. ఆ ఉద్యోగం చేసి చేసి ఇలా అయ్యాడని మా ప్రత్తిపాడులో అందరూ నవ్వుకునేవారు.

ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో, మిరపతోట తడపడానికి నాన్న బావి దగ్గర మోటారు బిగించాడు. బాబాయి సెలవు మీద వచ్చి ఉన్నప్పుడే మా పాలేరు యేసోబు ఆ మోటారు మీద చెయ్యి వేసి, షాకు కొట్టి చనిపోయాడు.

"తాగొచ్చి దానిమీద పడ్డాడు" అన్నాడు నాన్న పెద్దమనుషులతో.

బాబాయి ఫ్యూజులు తీయించి, మోటారు పక్కన కూర్చుని తీగలన్నీ విప్పి చూశాడు. చాలాసేపటికి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"అన్నయ్యా, కరెంటు లీకైతే భూమిలోకి పోవడానికి వెయ్యాల్సిన ఎర్తు తీగ దీనికి లేదు. ఎవరు ముట్టుకున్నా పోయేవాళ్ళే."

"ఒరేయ్, నలుగురిలో ఏం మాటల్రా అవి?"

యేసోబు భార్య మరియమ్మ ముందుకొచ్చింది. "అయితే మా ఆయన తప్పేం లేదా బాబూ?"

"లేదమ్మా. తప్పు మాది."

అప్పటిదాకా బిగబట్టుకుని నిలబడిన మనిషి అక్కడే కూలబడి ఏడ్చింది.

పెద్దమనుషులు చెప్పినట్టే నాన్న ఆమెకు బావి పక్క చేను రాసిచ్చాడు. బాబాయితో మాత్రం మాటలు మానేశాడు. ఆయన తిరిగి బెంగుళూరు బయలుదేరిన రోజు, సాగనంపడానికి మా ఇంట్లోంచి ఎవరూ నల్లపాడు స్టేషనుకు వెళ్ళలేదు.

మరియమ్మ వెళ్ళింది.