ఫిల్టర్ డబ్బా మార్చనన్న మామ

పోయిన వారం ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చింది, మెకానిక్ మామ పోయాడని. కారు రోడ్డు పక్కన ఆపాను. నిజం చెప్పాలంటే, ఈ మధ్య ఎవరు పోయారన్నా నాకు ఏడుపు కంటే అలసటే ముందు వస్తోంది.

మీకు ఆయన తెలియకపోవచ్చు. ఆత్మకూరు బస్టాండుకు అవతల రేకుల షెడ్డు ఆయనది. నాది ఉదయగిరి. చిన్న కారు ఒకటి బాడుగకు తిప్పుకుంటూ బతుకుతున్నాను. ఏళ్ల తరబడి దాని బానెట్ ఎత్తింది ఆయన ఒక్కడే. చుట్టరికం ఏమీ లేదు, మామా అని పిలిచాను, అదే అలవాటైంది.

ఏ బండి వచ్చినా ముందు, ఇంజన్ పీల్చే గాలిలో దుమ్మును ఆపే ఎయిర్ ఫిల్టర్ ఊడదీసేవాడు. టైరుకేసి నాలుగు తట్లు తట్టి, కంప్రెసర్‌తో గాలి కొట్టేవాడు. ఎర్రదుమ్ము ఆయన ముఖం మీదికే లేచేది.

"గుడ్డ కట్టుకోరాదా మామా?" అనేవాణ్ణి.

"కట్టుకుంటే నీతో ఎట్టా మాట్లాడేదిరా?"

కొన్నాళ్ల కిందట నాకో పిచ్చి పట్టింది. నలుగురిని ఎక్కించుకుంటే మిట్టల మీద బండి మూలుగుతోంది. వీడియోలు చూసి, కంపెనీ ఫిల్టర్ డబ్బా పీకేసి బయట దొరికే ఫిల్టర్ పెట్టిస్తే పికప్ వస్తుందని నమ్మాను. మూడు రకాలు ఫోన్‌లో చూపించాను. మామ కళ్లద్దాలు తుడుచుకుని ఓపిగ్గా చూశాడు.

"ఇది ఇంజన్ పక్కనే ఉంటాది, వేడిగాలి పీలుస్తాది. ఇది కిందికి ఉండాది, వానొస్తే నీళ్లు తాగతాది. మూడోది చూసేదానికి బాగుండాది, అంతే. మన దుమ్ముకు డబ్బా మూసుండాల అబ్బయ్యా. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు కాదు. నేను మార్చను."

ముసలాడికి కొత్తవి తెలియవనుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి కదా, నెల్లూరు పోయి మొదటి రకమే పెట్టించుకున్నాను. చప్పుడు మాత్రం అదిరింది. అంతటితో ఊరుకున్నానా? ఫిల్టర్‌కు కాస్త నూనె తడి ఉండాలని విని, ఎంత పూస్తే దుమ్ము అంత అంటుకుంటుంది కదా అని ఇంజన్ ఆయిలే దిట్టంగా పట్టించాను. కొన్నాళ్లకు ఆ నూనెలో దుమ్ము ముద్దకట్టి, గాలి ఆడక, కలిగిరి రోడ్డు మీద బండి జర్కులు కొట్టి ఆగింది. పెళ్లికి పోయేవాళ్లు పట్టుచీరలతో ఎండలో దిగి నిలబడ్డారు.

మామ దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. రెండు నెలలు ఎవరెవరికో చూపించి, అలాగే తిప్పి, చివరికి బండిని తాడుతో లాగించుకుని ఆ షెడ్డుకే చేరాను. తప్పు నాదేనని చెప్పబోతే విననే లేదు.

"పెట్టించినావు, సరే. నా కాడికి వచ్చేదానికి సిగ్గేందిరా? నువ్వు సిగ్గుపడే లోపల ఇంజన్ సగం అరిగిపోయినాది."

నాలుగు రోజులు కూర్చుని ఇంజన్ విప్పి, కడిగి, అరిగినవి మార్చి, పాత డబ్బానే మళ్లీ బిగించాడు. ఆయన చెయ్యి పడకపోతే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పని మధ్యలో ఆగి ఆగి దగ్గుతూనే ఉన్నాడు. ఏంది మామా ఆ దగ్గు అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. బండి ఎప్పుడిస్తావనే అడిగాను. అది నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

పోయిన నెల మామకు ఊపిరితిత్తులు పాడైపోయాయని, నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. నా బండిలోనే పోతానని పట్టుబట్టాడు. ముక్కుకు గొట్టం, ఒళ్లో చిన్న సిలిండర్. సంగం దాటాక ఏసీ ఆపమని చెయ్యి ఊపాడు. ఏదో కావాలేమో అనుకుని బండి నిదానం చేశాను. ఆపొద్దు, పోనిమ్మన్నట్టు మళ్లీ ఊపాడు. కళ్లు మూసుకుని ఇంజన్ చప్పుడు వింటున్నాడు.

"గాలి... బాగా... పీల్చుకుంటా ఉండాది రా" అన్నాడు.

ఆ ఒక్క మాట పూర్తయ్యేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. ముఖంలో మాత్రం తృప్తి.