సంచిలో పొడి చీరతో ఘనపురం కాలువకు

ఘనపురం చెరువు, కాలువ, కోటగుళ్లు ఒక్క రోజులో చూసి రావచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు, నిక్షేపంగా రావచ్చు. జనగామ నుంచి నేను మొదటిసారి వెళ్లింది ఎనభైల మొదట్లో, నా భార్య సుగుణతో. నిజం ముందే చెప్పేస్తాను, నేను పోయింది గుళ్లు చూడ్డానికి కాదు. చూపిస్తానని చెప్పి ఆమెను తీసుకుపోయాను. ఆమె తమ్ముడు చనిపోయి అప్పటికి ఏడు నెలలు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

సుగుణది మరిపెడ. తల్లీతండ్రీ తొందరగా పోతే తమ్ముణ్ణి తనే సాకింది. వాడు పెద్దయ్యాక భీవండి పోయి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. నేను జనగామలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. ఉత్తరాలన్నీ దుకాణానికే వచ్చేవి. ఆషాఢంలో అక్కడ వాడితో గదిలో ఉండేవాళ్ల దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. జ్వరమొచ్చి పోయాడు, కార్యం ఇక్కడే చేసేశాం అని రెండు ముక్కలు. మా వైపు చావు కార్డును ఇంటికి తీసుకుపోరు, చదివినచోటే చింపేస్తారు. నేనూ దుకాణం మెట్ల మీదే చింపి పక్కనున్న మురుగు మోరీలో పడేశాను. అప్పుడు సుగుణ టైఫాయిడ్‌తో మంచంలో ఉంది. మనసుకు దెబ్బ తగలనీయొద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు. "ఇప్పుడే చెప్పకు కొడుకా, జర లేవనీ" అంది మా అమ్మ. సుగుణ లేచింది, తిరిగింది, వండింది. నేను మాత్రం ఇవాళ, రేపు అంటూ ఏడు నెలలు గడిపాను. పిరికి సన్నాసిని, ఇంకేం చెప్పను! తమ్ముడు జవాబు రాయడేంటని అడిగితే బొంబాయి దిక్కు హర్తాళ్లట, టపా సరిగ్గా నడవడం లేదట అని బొంకాను.

చివరికి దుకాణంలో నాతో పనిచేసే వెంకటయ్యన్న గట్టిగా తిట్టాడు. "ఇంట్ల చెప్పకు. మీ అమ్మ ముందట ఆ పిల్ల నోరిడిసి ఏడ్వనుగూడ ఏడ్వది. నీళ్లున్న జాగకు తీస్కపో" అన్నాడు. అయినవాళ్లు పోయిన మాట చెవిన పడితే కట్టుబట్టలతోనే తల మునిగేలా స్నానం చెయ్యాలి కదా, అందుకు. మాఘమాసం, యాసంగి వరికి ఘనపురం కాలువ పారుతుందని పరకాల బేరగాడొకడు చెప్పాడు. అలా ఊరు కుదిరింది. బయల్దేరే ముందు సుగుణకు తెలియకుండా సంచి అడుగున ఆమె చీర ఒకటి పెట్టాను.

జనగామలో ఐదున్నరకు మొదటి బస్సు. హనుమకొండలో ఏడున్నరకు దిగి, చాయ్ తాగి, పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లి పోయే బస్సు పట్టుకున్నాం. అప్పటి ఛార్జీలు చెప్పి లాభం లేదు, ఇద్దరికీ రానూపోనూ ఖర్చు నా మూడు రోజుల జీతం మింగింది. ఇంకో మాట, మా దిక్కు ఘనపురాలు బోలెడు. స్టేషన్ ఘనపురం ఉంది, లింగాల ఘనపురం ఉంది. "ఏ ఘన్‌పూరే, సక్కగ చెప్పు" అని కండక్టరు కసిరితే సుగుణే అందుకుంది. "కోటగుళ్ల ఘన్‌పూరన్నా! గుళ్లు చూడబోతున్నం." పెళ్లయిన ఐదేళ్లలో మేం ఊరు చూడ్డానికంటూ బయల్దేరడం అదే మొదలు. కిటికీ పక్క సీటు దొరికిందని ఆమె మొహం వెలిగిపోయింది. నేను మాత్రం సంచిని ఒళ్లోంచి కింద పెట్టలేదు.

పదిన్నరకు ఘనపురం క్రాస్ రోడ్డు దగ్గర దిగితే ఊళ్లోకి పోయే ఎడ్లబండి ఒకటి దొరికింది. కోటగుళ్లకు అప్పట్లో కాపలా లేదు, టికెట్టు లేదు. మట్టికోట నడుమ పెద్దగుడి, చుట్టూ చిన్నగుళ్లు, సగానికి సగం కూలి, తుమ్మకంపలో మునిగి ఉన్నాయి. ఏనుగు మీదికి సింహం ఎక్కిన బొమ్మ ముందు సుగుణ చాలాసేపు నిలబడింది. "మా తమ్మునికి రాయాలె గీ ముచ్చట. వాడు చూస్తే పడిపడి నవ్వుతడు" అంది. ఎన్ని కాళ్లు, ఎన్ని గోళ్లు అని వేలు పెట్టి చూసుకుంది, ఉత్తరంలో తప్పు పోకూడదని. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "ఎండ ముదురుతుంది, నడు" అన్నాను. సిగ్గులేని నోరు!

అక్కణ్ణుంచి నడిచి చెరువుకట్ట ఎక్కాం. కాకతీయులనాటి చెరువు, నిండుగా ఉంది. తూముకు కొంచెం కింద కాలువలోకి రాతిమెట్లున్నాయి. పక్కనే కానుగచెట్టు నీడలో కూర్చున్నాం. పన్నెండున్నర అయ్యుంటుంది. తిన్నాక చెప్దామని నా ఆలోచన, ఏడ్చే మనిషి కడుపులో ఇంత ఉండాలి కదా. "సద్ది నేను తీస్త, నువ్వు ఒలకబోస్తవ్" అంటూ సుగుణ సంచి లాక్కుంది. గిన్నె కింద చెయ్యి పెట్టి చీర బయటికి తీసింది. దాని మడతలో రవికె, లంగా, తువ్వాలు.

"ఓయబ్బో! నీ తువ్వాలే నీకు యాదుండదు, నాకు చీర తెచ్చినవా? ఏందయ్యా, తానం జేపిస్తవా ఏంది నాకు?"

నవ్వుతూనే అంది. నవ్వు సగంలో ఆగిపోయింది. చీర వంక చూసింది, నీళ్ల వంక చూసింది, నా వంక చూసింది.

"మా తమ్ముడా?"

తలూపాను.

"ఎప్పుడు?"

"ఆషాఢంల. జరమొచ్చిందట."

"మరి రాఖీ పున్నానికి నీ చేతికి ఉత్తరమిస్తి. దీపావళికిస్తి. ఏం జేసినవ్?"

"దుకాణంలున్నయ్."

"ఏడు నెలల సంది నాతోని వాని ముచ్చట ఎట్ల మాట్లాడినవయ్యా? నవ్వుకుంట ఎట్ల విన్నవ్?"

ఆమె గట్టు మీద కూలబడి "కొడుకా, నా కొడుకా" అని ఏడ్చింది. తమ్ముణ్ణి కొడుకా అనడం నేను వినడం అదే మొదటిసారి.

తూము దగ్గర నీరటి ఉన్నాడు, పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే ముసలాయన. ఏడుపు విని పార భుజాన వేసుకుని వచ్చాడు. సంగతి చెప్పాను. "నీళ్లు జోరుగున్నయ్, బిడ్డ కొట్కపోతది. ఆగుండ్రి, తూము పలక దించుత" అని వెనక్కి పోయాడు. కాసేపటికి కాలువ నడుములోతుకు తగ్గింది. అంతలో కింది పొలం రైతు పరుగెత్తుకొచ్చాడు. "నా వంతు నడుస్తుండంగ నీళ్లెందుకు ఆపినవే?" అని అరిచాడు. "చావు తానం, రాజన్నా. జర ఓపికవట్టు" అన్నాడు నీరటి. రైతు తల రుమాలు తీసి చేతిలో పట్టుకుని, అటు తిరిగి కూర్చున్నాడు. సుగుణ దిగి మూడు మునకలు వేసింది. పైకొచ్చి, చెట్టు చాటున చీర మార్చుకుని, నన్ను ఒక్కటే అడిగింది.

"తారీఖేది? ఏడాదికి వాని పేర ఆకెయ్యద్దా, ఇంత బువ్వ పెట్టద్దా?"

నాకు తెలియదు. కార్డు మీద ఉండే ఉంటుంది, నేను చూడలేదు. రాసినవాడి పేరూ గుర్తులేదు. చింపాను, మోరీలో వేశాను, అంతే. తర్వాత వాడితో ఉన్నవాళ్ల గది చిరునామాకు రెండు ఉత్తరాలు రాశాను. ఖాళీ చేశారని రెండూ తిరిగొచ్చాయి. ఆ రోజు గట్టు మీద ఆమెకు మాట చెప్పింది నీరటే. "దినం తెల్వకుంటే విన్న దినమే వాని దినం బిడ్డా. మా దిక్కు గట్లనే జేస్తరు." సద్ది ఇద్దరమూ ముట్టలేదు. నాలుగింటికి క్రాస్‌లో బస్సెక్కితే ఎనిమిదిన్నరకు జనగామ చేరాం. ఆమె ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది, నేను వెనక.

ప్రతి మాఘంలో అదే తిథికి ఘనపురం పోతూ వచ్చాం, అందుకే ఆ దారి నాకింత బాగా తెలుసు. ఇప్పుడామె లేదు. బతికినన్నాళ్లూ నాకు వండిపెట్టింది, జ్వరమొస్తే తలాపున కూర్చుంది, ఆ సంగతి ఎత్తి ఒక్కనాడూ దెప్పలేదు. కానీ పోస్టులో వెయ్యమని ఒక్క ఉత్తరం కూడా మళ్లీ నా చేతికివ్వలేదు. మోకాళ్లు నొస్తున్నా పోస్టు డబ్బా దాకా తనే నడిచేది. సరే, పోయేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. కాలువ మెట్లు పాచిపట్టి బాగా జారుతాయి, పక్కమనిషి చెయ్యి పట్టుకుని దిగండి. ఆ రోజు నేనూ చెయ్యి చాచాను. సుగుణ నీరటి పార కర్ర పట్టుకుని దిగింది.