ముప్పై ఏడో నెల

మ్యూచువల్ ఫండ్లకు నక్షత్రాలిచ్చే సంస్థలో నా ఉద్యోగం. నా భార్యదీ అదే పని, మరో సంస్థలో. రెండు ఆఫీసులూ మాదాపూర్‌లోనే. ఒకే ఫండ్‌కు మేము నాలుగు నక్షత్రాలిస్తే వాళ్ళు రెండే ఇచ్చేవారు. ఎవరి లెక్కా తప్పు కాదు. మేము గడిచిన ముప్పై ఆరు నెలల రాబడి మాత్రమే చూస్తాం. వాళ్ళు ఫండ్ మొదలైన రోజు నుంచీ చూస్తారు, పడిన నెలలను పెరిగిన నెలల కంటే బరువుగా తూస్తారు.

మదీనాగూడ ఫ్లాట్‌లో అన్నాల దగ్గర ఇదే గొడవ. ఆమెది కర్నూలు.

“మీ ఆఫీసోళ్ళకు మూడేండ్లు దాటితే ఏదీ గుర్తుండదబ్బా. అంత మతిమరుపైతే ఎట్లా?”

“మీవాళ్ళది పాముపగ. ఎప్పుడో పడిందని ఇప్పటికీ కాటేస్తున్నారు.”

“మళ్ళీ పడదని రాసిస్తారా మీరు?” అంటూ పెరుగు గిన్నె నా వైపు తోసేది.

ఆమె ఆసుపత్రిలో ఉన్న నెలలోనే మార్కెట్ కూలింది. మేము ఎక్కువగా వాదించుకున్న చిన్న కంపెనీల ఫండ్ అన్నిటికంటే లోతుగా పడింది. మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని దానికి ఒక నక్షత్రం తగ్గించాను. ఆమె చూసి, “ఇది మీ లెక్కలో ఎన్నాళ్ళుంటుందిలే,” అంది. నెలాఖరుకు ఆమె లేదు.

మూడేళ్ళు గడిచి, ఈ మధ్య ఆ నెల మా లెక్కలోంచి బయటికి పోయింది. ఫండ్ కొత్తగా సాధించిందేమీ లేదు, అయినా ఐదు నక్షత్రాలు వచ్చాయి. నివేదిక నేను ఆమోదించాలి. అడుగున ఒక వాక్యం చేర్చాను: ఈ ముప్పై ఆరు నెలలకు ముందు నెలలో ఫండ్ తీవ్రంగా పడిపోయింది, మదుపరులు గమనించాలి. ఆ వాక్యం ఎలాగైనా ఉండాలనిపించింది. మదుపరుల కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను.

నివేదికలు సరిచూసే సహోద్యోగి, వరంగల్ ఆవిడ, నా సీటు దగ్గరికి వచ్చింది.

“సార్, ఈ లైన్ తీసెయ్యాలె. ముప్పై ఆరు నెలల బయటి సంగతి రాయొద్దని రూల్ ఉంది గద.”

“ఒక్క లైనే కదండీ.”

“ఆ రూల్ రాసింది మీరే సార్. నేను కొత్తగ వచ్చినప్పుడు గిట్లనే ఒకటి రాస్తే, జర గూడ కనికరం లేకుండ కొట్టేసిన్రు.” నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. “ఏమైంది సార్? ఉంచమంటె ఉంచుత. ఫికర్ చెయ్యకుర్రి.”

ఉంచమనలేకపోయాను. ఇంకో ఫండ్ పడిన నెల గురించి నేను ఇలా రాసేవాణ్ణి కాదు. వాక్యం తీసేసి ఆమోదించాను.

ఇంటికి వెళ్తూ క్యాబ్‌లో నా భార్య పనిచేసిన సంస్థ పేజీ తెరిచాను. అదే ఫండ్‌కు ఇంకా రెండు నక్షత్రాలే. కింద గ్రాఫ్ మొదటి రోజు నుంచీ ఉంది. ఆ నెల దగ్గర గీత నిట్టనిలువుగా దిగింది. వాళ్ళ పద్ధతే సరైనదని ఇప్పటికీ ఒప్పుకోను. మా గేటు దగ్గర డ్రైవర్ రెండోసారి పిలిచేదాకా ఆ పేజీ మూయలేదు.