ముత్తక్క రసీదు

ఈ రోజు పత్రికకు వార్త రాయడానికి ఆవపల్లి వెళ్లాను. వానలు రాకముందే బడికి రేకుల కప్పు వేయించాలని అక్కడి మాస్టారు ఊళ్లో డబ్బు పోగుచేస్తున్నారు. ముత్తక్క అనే పెద్దావిడ ఇప్పపువ్వు అమ్మగా వచ్చిన రెండు వందలు తెచ్చి ఇచ్చింది. మాస్టారు రసీదు మీద ‘దానం’ అని రాసి, పైకి చదివి వినిపించారు.

“దానమేంది సారూ? నా మనుమరాలు చదివే బడికి నేను దానం చేసుడేంది?”

“పోనీ, చందా అని రాయనా?”

“చందా అంటే అడిగితే ఇచ్చేది. నువ్వు అడిగినవా? నేనే తెచ్చిన.”

“మరి విరాళం?”

“గంత పెద్ద మాట నాకెందుకు? నా వంతు అని రాయి. రేపు కప్పు కురిస్తే వచ్చి నిన్నే అడుగుత.”

మాస్టారు నవ్వి, పాత మాట కొట్టేసి ‘వంతు’ అని రాశారు. డబ్బు ఇవ్వడానికి ఆమె వెనక నిలబడ్డ ముగ్గురూ తమ రసీదుల మీద కూడా అదే రాయమన్నారు.

ఇన్నేళ్లుగా ఇలాంటి వార్తల్లో నేను ‘విరాళం’ అనే రాస్తున్నాను. ఎవరూ దిద్దలేదు.

రేకులు వచ్చే వారం వేస్తారట. కురిస్తే అడిగేవాళ్లు ఇప్పటికి నలుగురు. మీరైతే ఏమని రాయించుకుంటారు?