మధ్యలోకి రాని మా బావ

మా అక్క వర్దా మొగుడు గత్తాస్ ఒళ్లు చూస్తే ఊళ్లో కుర్రాళ్లకు సిగ్గేస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. యాభై దాటిన మనిషి. ద్రాక్షతోటలో కొమ్మలు కత్తిరించమంటే నడుం పట్టేసిందంటాడు. జహ్లే పట్నం వెళ్లి జిమ్‌లో ఇనుము ఎత్తడానికి మాత్రం ఏ నొప్పీ అడ్డురాదు. రొట్టె మానేశాడు, అరక్ సారా మానేశాడు, నలుగురితో కూర్చుని తినడం మానేశాడు. ఉడికించిన గుడ్డులో తెల్లసొన తిని, పచ్చసొన మా అక్క మొహాన పడేస్తాడు.

ఇదంతా దబ్కె ఆట కోసం. చేతులు పట్టుకుని, భుజాలు ఆనించి, నేల అదిరేలా కాళ్లు వెయ్యకపోతే మా వైపు అది పెళ్లే కాదు. వరసకు ముందుండేవాడు పూసల దండ తిప్పుతూ నడిపిస్తాడు. అలసట రాగానే దండ పక్కవాడికి ఇచ్చి తను వరస మధ్యలోకి వచ్చేస్తాడు. మా తాత అలాగే ఇచ్చాడు, మా నాన్న ఇచ్చాడు, ఎవరి పరువూ పోలేదు. మా బావ చేతికి వచ్చాక మాత్రం ఆ దండ ఇంకో చెయ్యి ఎరగదు.

కూతురు మైసా పెళ్లికి ముందు రోజు అందరం భోజనాలకు కూర్చున్నాం. మైసా తన చేత్తో చేసిన కిబ్బె మాంసం ఉండలు తండ్రి పళ్లెంలో పెట్టి అడిగింది.

"నాన్నా, రేపు ఒక్క పాటకు నా పక్కన ఆడతావా? చెయ్యి పట్టుకుని."

"పెళ్లికూతురు మధ్యలో ఉంటుంది కదే. నేను మధ్యలోకెలా వస్తాను?"

"దండ నఖ్లె బాబాయ్‌కి ఇచ్చి రా."

"ఆ మాంసం కొట్టు నఖ్లెకా? ముందు వాడి పొట్ట వస్తుంది, తర్వాత వాడు వస్తాడు."

నేను ఊరుకోలేకపోయాను. "ఆ పొట్టతోనే ప్రతి పెళ్లిలో చివరిదాకా ఆడుతున్నాడు బావా."

"నీకేం తెలుసే నబీహా. దాన్ని ఆడటం అనరు, ఊగడం అంటారు."

మైసా మళ్లీ అడగలేదు. బావ కిబ్బె పళ్లెం నా వైపు తోశాడు. నేను తిన్నాను, బాగా కుదిరింది.

చేతుల మీద నరాలు తేలి కనపడాలంటే నీళ్లు మానెయ్యాలని జిమ్‌లో ఏ వెధవ చెప్పాడో, ఆ సాయంత్రం నుంచి బావ చుక్క ముట్టలేదు. పెళ్లినాడు చర్చి నుంచి రాగానే అక్క గ్లాసు పట్టుకుని వెనకే తిరిగింది.

"తాగండి, ఎండ చూశారా?"

"ఆట అయ్యాక."

అబద్ధం ఎందుకు, కాసేపు బాగానే ఆడాడు. జనం ఈలలు వేశారు. ఆ ఈలలకు పొంగిపోయి గొంతుక్కూర్చుని పైకి ఎగిరాడు. దిగేసరికి పిక్క పట్టేసింది. అంత కండల మనిషీ కాలు పట్టుకుని చతికిలపడ్డాడు. డోలు వాయించేవాడు పాపం ఆపకుండా దెబ్బ తగ్గించాడు.

నఖ్లె వంగి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. "గత్తాస్ అన్నా, దండ ఇలా ఇచ్చి పిల్ల పక్కకు వెళ్లు. నీ కాలికి తగ్గట్టు మెల్లగా వేద్దాంలే."

మా బావ దండ తీసి జేబులో వేసుకున్నాడు. అంత నీచం నేనెక్కడా చూడలేదు.

నఖ్లె వరస ముందుకు వెళ్లాడు. చెమట తుడుచుకునే గుడ్డే తిప్పుతూ వరసను కదిలించాడు. మైసా ఒక చెయ్యి పెళ్లికొడుకు పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఎవరికీ ఇవ్వలేదు. పట్టుకోబోయిన మేనత్త కూతురిని తల ఊపి వద్దంది. ఆ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ అలాగే వదిలి ఆడింది. వరస తిరిగి తిరిగి మా కుర్చీల ముందుకు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి మా బావ ముందు నుంచే వెళ్లింది.

ఈలోపు ఆయన కూజాడు నీళ్లు తాగాడు. కాలు సర్దుకుంది. లేచి మడమలు ఎత్తి దించి చూసుకున్నాడు. మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాడు.

"లేచావుగా బావా, వెళ్లు. పిల్ల చెయ్యి చాపే ఉంది."

"ఈ పాట కానీ. మళ్లీ మొదలెట్టినప్పుడు ముందుకే వెళ్తా."

మళ్లీ మొదలు కాలేదు. బయట పెళ్లికొడుకు తరఫువాళ్లు కారు హారన్ కొడుతున్నారు. అక్క ఏడుస్తూ కూతుర్ని కారెక్కించింది.

మర్నాడు పొద్దున్నే మా బావ జిమ్‌కి వెళ్లాడు. పిక్కలకు బలం చాలలేదట.