నాచారం గుండు, ఏడు అచ్చులు

మా పక్కింటి డ్రాయింగ్ సారు ఇక లేరన్న మాట ఆ పొద్దున ఆయన భార్యే గోడ మీదుగా చెప్పింది. "బిడ్డా, మీ సారు లేస్తలేడు" అంది. అంతే.

ఉప్పల్ బడిలో ఏళ్లతరబడి పిల్లలకు మామిడికాయలూ కూజాలూ గీయడం నేర్పి రిటైరైన మనిషి. మేం నాచారంలో ఇల్లు కట్టుకుని వచ్చేసరికి మా ఇళ్ల వెనక పెద్ద రాతిగుండు ఉండేది, నాలుగు ఏనుగులు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నట్టు. ఊరివాళ్లు దాని మీద వడియాలు ఎండబెట్టేవారు. తర్వాత ఫ్యాక్టరీ షెడ్లకు రాయి కావాల్సి వచ్చి, దాన్ని కొంచెం కొంచెంగా పేల్చడం మొదలుపెట్టారు.

సారు నీటిరంగుల్లో ఉప్పల్ చెరువునూ, మౌలాలి గుట్ట మీది సాయంత్రాలనూ వేసేవారు. అవి అందరికీ నచ్చేవి. గుండును మాత్రం చెక్క మీద చెక్కారు. సిరా పూసి, కాగితం పరిచి, వంటింటి గంటె వీపుతో రుద్ది అచ్చు తీసేవారు. "పప్పు కలుపుదామంటే గంటె లేదు, ఈయన గుండుకు మాలీష్ జేస్తుండు" అని లోపల్నుంచి పెద్దమ్మ దెప్పేది. ఆయన భార్యను నేనలాగే పిలుస్తాను.

గుండులో మందుతూటా పేలితే మా కిటికీలు గలగలమనేవి. మర్నాడు సారు గొడుగేసుకుని వెళ్లి, ఎంతమేర పోయిందో చూసొచ్చి, చెక్క మీదా అంతమేర ఉలితో తీసేసేవారు. తీసేసిన చోట సిరా అంటదు, కాగితం తెల్లగా మిగిలిపోతుంది. అలా ఒకే చెక్క నుంచి ఏడు అచ్చులు. మొదటిదాంట్లో కాగితం నిండా నల్లటి గుండు. ఏడోది ఉత్త తెల్ల కాగితం. సిరా నిలవడానికి చెక్క మీద చోటే లేకపోయినా, దాన్నీ గంటెతో రుద్దే తీశారు.

"మొదటిది ఓ పది తీసి పెట్టుకోవాల్సింది సార్" అన్నానొకసారి.

"గుండు పది ఉండెనా బిడ్డా?" అన్నారు.

నాలుగేళ్ల కిందట నగరంలో ఒక గ్యాలరీ వాళ్లు ఆయన బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. మొదలవడానికి గంట ముందు నిర్వాహకుడు నన్ను పక్కకు పిలిచి ఏడోది తీయించమన్నాడు. ఖాళీ కాగితం చూసి జనం నవ్వుతారన్నాడు. నాకూ అనుమానమే. నిజంగానే నవ్వుతారేమో, సారు చిన్నబోతారేమో. యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని కదా, నచ్చజెప్పగలననుకుని వెళ్లి చెప్పింది నేనే.

"తూటా పెట్టెటోడు నన్నడిగిండా? నేనేంది వీళ్లనడిగేది?" అన్నారు. గొంతు పెంచలేదు. నీటిరంగులతో సహా అన్నీ గోడల మీంచి దించి, చాపలా చుట్టి, బస్టాపు దారి పట్టారు. వెంట నడుస్తూ క్షమించమన్నాను.

"నీకు అనుమానం మస్తు బిడ్డా. మంచిదే. గని నీ అనుమానం నువ్వు వడాలె. నా గోడకెందుకు రుద్దుతవ్?"

ఆ మాట నన్ను వదల్లేదు.

ఆయన పోయాక బొమ్మలన్నీ పెద్దమ్మ నా చేతికే అప్పగించింది. అదే గ్యాలరీ నుంచి కబురొచ్చింది. ఆయన జ్ఞాపకంగా ప్రదర్శన పెడతారట, నీటిరంగులు చాలట. ఏడు అచ్చులూ ఉంటేనే ఏదైనా, లేకుంటే చెరువూ లేదు, మౌలాలీ లేదన్నాను. జనం నవ్వుతారేమోనన్న అనుమానం అప్పుడూ ఉంది. అయినా అన్నాను. ఇప్పుడు ఏడూ వరసగా ఆ గ్యాలరీ గోడ మీదున్నాయి. ఇది ఆయన కోసం చేశానో, నా తప్పు దిద్దుకోవడానికి చేశానో తేల్చుకోలేను. దించను మాత్రం.

ఏడాది తిరక్కుండా గడప దాటొద్దని చుట్టాలంటున్నా పెద్దమ్మ మొదటిరోజే వచ్చింది. నేరుగా ఏడో కాగితం ముందు నిలబడింది. వెనక ఎవరో "ఇందులో ఏముందండీ?" అని నవ్వారు.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఏముందేంది? గీడ మేం వడియాలు వెట్టేది. గీడ మా సారు గూసునేది" అంటూ వేలు ఆనించి చూపించింది.

అద్దం లేని కాగితం. రెండు చోట్ల వేలిమరక పడింది. తుడుస్తామని గ్యాలరీ వాళ్లొచ్చారు, నేను తుడవనివ్వలేదు. వెళ్లి చూడండి. ఆ తెలుపు మీద, గుండు ఉన్న చోట, రెండు మసక గుర్తులున్నాయి, ఎండకు పెట్టిన వడియాలంత.